ఆలనలో వినేది ఎవరు?

మంచం పట్టినవాళ్ళ ఇంటికే వెళ్ళి చూసే సేవకు తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ ‘ఆలన’ అని పేరు పెట్టింది. క్యాన్సర్ ముదిరి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసిన మనిషి, పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన మనిషి, ఇక లేవలేని ముసలివాళ్ళు ఉన్న ఇళ్ళకు నర్సు వెళ్తుంది. పుండు కడిగి కట్టు కడుతుంది. నొప్పి మందు చూస్తుంది. పడకపుండ్లు పడకుండా రోగిని ఎట్లా ఒత్తిగిలించాలో ఇంట్లోవాళ్ళకు నేర్పుతుంది. ఇంగ్లీషులో పల్లియేటివ్ కేర్ అనే ఈ పనికి పుస్తకాల్లో ‘ఉపశమన సంరక్షణ’ అని అనువాదం ఉంది. అది ఫైళ్ళలో బతికే మాట. పేరు పెట్టినవాళ్ళు దాన్ని పక్కన పెట్టి ఇంట్లో వాడే మాట తీసుకున్నారు. ఆలనా పాలనా అనే జంటలో పాలనను కలెక్టరాఫీసుకు వదిలేసి, ఆలనను మాత్రం బండెక్కించారు.

తెలిసి ఎక్కించారో తెలియక ఎక్కించారో గానీ, ఆ మాటకు నిఘంటువులో మొదటి అర్థం సేవ కాదు, సంరక్షణ కాదు. వినడం. ఆలించు, ఆలకించు, ఆలన ఒక కుదురు మాటలు. ఆలనా పాలనా చూడటమంటే చెప్పింది వినడం, విన్నాక కాపాడటం.

ఆలన అనేది పాలనకు ప్రాస కోసం తగిలించిన తోక అనుకునేవాళ్ళున్నారు. పిల్లా గిల్లా, చాయ్ గీయ్, పని గిని అన్నట్టు. అయితే తోక వెనక ఉంటుంది. మన భాషలో ఉత్త ప్రతిధ్వని సాధారణంగా రెండో చోటే నిలబడుతుంది. ఆలన ముందు నడిచే మాట. ‘బాగోగులు’ సంగతీ ఇంతే. అందులో వెనకున్న ‘ఓగు’ను మనం మరిచిపోయాం గానీ అది చెడు అనే అర్థం ఉన్న పాత మాట. బాగోగులు అడగడమంటే మంచీ చెడూ రెండూ అడగడం. యోగక్షేమాలూ అంతే, లేనిది దొరకడం యోగం, ఉన్నది నిలవడం క్షేమం. పలకరింపు మాటల్లో మన పెద్దలు ఏ ముక్కనూ ఊరికే పెట్టలేదు. ఇప్పుడు పత్రికల జిల్లా పేజీలో పార్కుకు, బస్టాండు మూత్రశాలకు, తెగిన చెరువుకట్టకు కూడా ‘ఆలనా పాలనా కరువు’ అని శీర్షిక పెడుతున్నారు. మూత్రశాల మొర ఎవరు ఆలకిస్తారని విలేకరిని అడిగి లాభం లేదు. మాట అట్లా అరిగిపోయింది.

ఒక్కసారి చుట్టూ ఉన్న మాటలను పక్కన పెట్టి చూస్తే ఆలన ఎంత ఒంటరిదో అర్థమవుతుంది. తెలుగులో మనిషిని సాకే మాటలన్నీ దాదాపు కంటికి సంబంధించినవి. ముసలి తల్లిని కొడుకు ‘చూసుకుంటాడు’. ఎవరూ లేకపోతే ‘చూసే దిక్కు లేదు’. బిడ్డ జ్వరంతో పడుకుంటే పక్కన ‘కనిపెట్టుకొని’ ఉంటాం. దేవుడిది ‘కటాక్షం’, అంటే కడగంటి చూపు. అధికారిది ‘పర్యవేక్షణ’, అందులోనూ ఈక్షణమే. మన తెలంగాణ పల్లెల్లో వినిపించే ‘అర్సుకొనుడు’ (‘కోడలు మంచిగ అర్సుకుంటుంది’) కూడా పాత ‘అరయు’ నుంచి వచ్చింది, పరికించి చూడటమే దాని పని. ఇక ఆసుపత్రి మాట ఎత్తితే అంతా చూపే. ‘డాక్టరుకు చూపించినవా?’ ‘ఆయన చూసి మందులు రాసిండు.’ ముంజేతి మీద వేళ్ళు పెట్టి పట్టుకునే నాడిని సైతం మనం ‘చూస్తాం’. స్పర్శకు కూడా చూపు అనే పేరే పెట్టిన భాష ఇది.

చెవి వైద్యంలోకి రాలేదని కాదు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీకి ఆనించి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అట్లా పుట్టింది. అది గుండెను వింటుంది. గుండె ఉన్న మనిషి ఏమంటున్నాడో వినడానికి అది చెవుల్లోంచి తీయాలి.

ఇక్కడ ఇంకో చిక్కు. తెలుగులో ‘వినడం’ అంత అమాయకమైన మాట కాదు. ‘వాడు మాట వినడు’ అంటే చెవుడని కాదు, లోబడడని. పిల్లలు వినాలి, కోడలు వినాలి, పాలేరు వినాలి. ఆసుపత్రిలో రోగి వినాలి: ‘చెప్తే వినవు, బీపీ గోలీలు ఎందుకు బంద్ చేసినవు?’ వినడం చిన్నవాడి విధి. ఆలకించడం అట్లా కాదు. ‘మొర ఆలకించు’ అని దేవుడినే అంటాం, కథల్లో రాజునే అంటాం. ‘వాడు నా మొర ఆలకించలేదు’ అని పాలేరు గురించి దొర అనడు. చెప్పేది కింద ఉన్నవాడు, ఆలకించేది పైన ఉన్నవాడు. రెండు మాటలూ చెవి పనే, దిక్కు మాత్రం ఎదురు. కాబట్టి ప్రభుత్వం తన సేవకు ఆలన అని పేరు పెట్టుకోవడమంటే, వినాల్సిన బాధ్యత తన మీద వేసుకున్నట్టే. ఆ పేరుకు ఇంత బరువు ఉందని శాఖకు ఎవరైనా చెప్పారో లేదో.

కల్వకుర్తి లాంటి చోట ఈ తేడా బాగా పట్టుబడుతుంది. శ్రీశైలం రోడ్డు నుంచి నంద్యాల వైపు 167కె జాతీయ రహదారి చీలే చోటికి దగ్గర్లో ఉన్న ఊరు. బయటివాళ్ళకు ఇది మాటల వల్లే తెలుసు. 1969 నుంచి 1984 దాకా ఇక్కడి ఎమ్మెల్యే జైపాల్ రెడ్డి. ఆ తర్వాత పార్లమెంటులో ఆయన నోరు విప్పితే ఎదుటి పక్షం కూడా చెవి ఒగ్గేది. 1989లో ఇక్కడ పోటీ చేసిన ఎన్టీ రామారావు, తెలుగువాళ్ళలో అంతకు మించిన గొంతు లేదనిపించుకున్న మనిషి, ఓడిపోయారు. ఈ జనం ఆయన మాటా విన్నారు, మాట మాత్రం వినలేదు! ఇదే జనం పాలమూరు లేబరు పేరుతో గుంపు మేస్త్రీల వెంట ఊళ్ళు దాటి పోయి, దేశమంతటా కాలువలు, ఆనకట్టలు కట్టారు. వెనక ఊళ్ళో ముసలివాళ్ళు, మనుమలు మిగిలారు. అట్లా మిగిలిన అవ్వకు కాలు నొస్తే మొదట వచ్చేది ఆశ కార్యకర్త. మంచాన పడ్డాక వచ్చేది ఆలన నర్సు. వాళ్ళిద్దరికీ వినడం ఎవరు నేర్పాలి, ఏ పుస్తకంతో నేర్పాలి?

మాటల చదువు పని చేసేది ఇక్కడే. ఒక ఉదాహరణ.

‘యాడ నొస్తుందవ్వా?’

‘నొచ్చుడు గాదు బిడ్డా, గుంజుతుంది. రాత్రైతే అరికాళ్ళల్ల మంటలు మంటలు. తిమ్మిర్లు.’

రిజిస్టరులో ఇది ‘కాళ్ళ నొప్పి’ అని ఎక్కితే అవ్వకు నొప్పి గోలీ వస్తుంది, అది పని చెయ్యదు. మంట, తిమ్మిరి, జివ్వుమనడం, చీమలు పాకినట్టుండటం నరం దెబ్బతిన్న నొప్పి మాట్లాడే మాటలు. అది షుగరు వల్ల కావచ్చు. దానికి వాడే మందుల వరుసే వేరు. సలుపు వేరు, లోపల చీము పట్టిన పుండు సలుపుతుంది. పోటు వేరు, పట్టు వేరు, పీకుడు వేరు. అవ్వ మొదటి మాటలోనే ‘నొచ్చుడు గాదు’ అని సరిదిద్దింది. నొప్పి అనే అధికారిక పదాన్ని ఆమె ఒప్పుకోలేదు. ఆ ‘గాదు’ను విన్న నర్సు సగం పరీక్ష చేసినట్టే. రోగం తేల్చేది డాక్టరే, కాదనను. ఆ డాక్టరుకు అందాల్సిన ఆచూకీ మాత్రం ఈ మాటల్లో ఉంది.

ఇది సాహిత్యం వాళ్ళ ఊహ కాదు. 1975లో కెనడాలో రోనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిని ప్రచురించాడు. నొప్పిని వర్ణించే 78 మాటలను 20 గుంపులుగా పేర్చాడు. కొట్టుకునే నొప్పి, కోసే నొప్పి, కాలే నొప్పి, అలసట తెచ్చే నొప్పి, భయం పుట్టించే నొప్పి ఇట్లా. రోగి తన మాటను తానే ఎంచుకుంటాడు. వైద్యంలో ఇప్పటికీ వాడుకలో ఉన్న ఆ పరికరం పని తీరు చూస్తే పదకోశం లాంటిదే.

పదకోశం అంటే మనకు కొత్తేం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. పరిశోధకులు ఊళ్ళకు పోయి, నాగలిలో ఏ ముక్కను ఎక్కడ ఏమంటారో రైతునే అడిగి రాసుకున్నారు. తర్వాత చేనేత సంపుటం వచ్చింది. నాగలికి, మగ్గానికి చేసిన పని ఒంటికీ చెయ్యవచ్చు గదా! గద్వాలలో, వనపర్తిలో, అచ్చంపేట అడవి అంచు పెంటల్లో (గూడేల్లో) ఒకే బాధకు ఎన్ని పేర్లున్నాయో ఏరి, ఏ మాట వెనక ఏ రోగం ఉండవచ్చో వైద్యుల చేత రాయించి, చిన్న పుస్తకంగా ఆశ కార్యకర్తల సంచిలో పెట్టవచ్చు. నాగర్‌కర్నూల్‌లో ఉండి ఊరూరి గుళ్ళ కథలు, స్థలచరిత్రలు ఏరిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) లాంటివాళ్ళు పుట్టిన నేల ఇది. సామెతల నుంచి, కావ్యాల్లో దాగిన తిండి, బట్ట మాటల నుంచి జనం బతుకును చదివి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) రాసిన సురవరం ప్రతాపరెడ్డిది గద్వాల ప్రాంతమే. మాటను పట్టుకొని మనిషి దగ్గరికి పోయే పద్ధతి ఇక్కడివాళ్ళకు ఎవరో వచ్చి నేర్పాల్సింది కాదు.

నొప్పి కొలత సంగతి కూడా చెప్పాలి. సున్నా నుంచి పది దాకా నొప్పికి అంకె వేయమనడం ప్రపంచమంతటా వాడుక. అవ్వను ‘పదికి ఎంత?’ అని అడిగితే మొహం చూస్తుంది. ‘రూపాయికి ఎంత తగ్గింది?’ అంటే ‘ఆఠాణ తగ్గింది, ఇంక ఆఠాణ ఉంది’ అని తడుముకోకుండా చెప్తుంది. చారాణ, ఆఠాణ, బారాణ. అణాలు చెలామణీలోంచి పోయి అరవై ఏళ్ళు దాటినా కొలతగా బతికే ఉన్నాయి. యాభై శాతం ఉపశమనం అని రిజిస్టరు అడిగే దానికి జవాబు ఆమె దగ్గర సిద్ధంగా ఉంది, ప్రశ్నే తప్పు నాణెంలో ఉంది.

ఒంటి నొప్పి ఇట్లా ఉంటే మనసుది ఇంకా కష్టం. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివాళ్ళకూ ఆశ కార్యకర్తలు నింపే జాతీయ ఆరోగ్య ఫారంలో ఇప్పుడు మానసిక స్థితి గురించి కూడా రెండు ప్రశ్నలున్నాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా అని వాటి సారం. ప్రశ్నలు మంచివే. కాని ఇక్కడ ఆ స్థితికి పేరు ‘రంది’. కొడుకు పుణె పోయి ఫోను చెయ్యకపోతే రంది. బోరు ఎండితే రంది. ‘రంది పెట్టుకున్నడు’ అంటే తిండి తగ్గింది, నిద్ర తగ్గింది, మాట తగ్గింది అని ఊళ్ళో అందరికీ అర్థం. ‘బుగులు’ దానికి చెల్లెలు, అది భయం వైపు మొగ్గుతుంది. డిప్రెషన్ ఉందా అంటే లేదనే మనిషి, రంది పెట్టుకున్నవా అంటే కూలబడి చెప్తాడు.

జింబాబ్వేలో ఇదే జరిగింది. డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారేలో 14 మంది అవ్వలకు తర్ఫీదు ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద బెంచీల మీద కూర్చోబెట్టాడు. వాళ్ళు డిప్రెషన్ అనే మాట వాడలేదు. షోనా భాషలో ‘కుఫుంగిసిస’ అన్నారు, అతిగా ఆలోచించడం అని. మొదటి మెట్టుకు పేరు మనసు తెరవడం. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ పద్ధతితో బాధ నిజంగా తగ్గిందని తేల్చింది. అవ్వలకు వైద్యం రాదు. ఎదుటి మనిషి మాట ఏ పేరుతో బయటికి వస్తుందో మాత్రం తెలుసు.

అయితే వినడం నేర్పవచ్చా? అది స్వభావం గదా అని పెదవి విరిచేవాళ్ళకు ‘ఊఁ కొట్టడం’ గుర్తు చెయ్యాలి. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు ఉండాలి. ఎప్పుడు పడితే అప్పుడు కొడితే కథ చెడుతుంది, కొట్టకపోతే నిద్రపోయాడని ఆగిపోతుంది. వాక్యం తెగే చోట చిన్న ఊఁ, మలుపు దగ్గర ‘మల్ల?’, దుఃఖం దగ్గర ఏమీ అనకుండా ఉండటం. ఇది కథకుడి పక్కన కూర్చొని నేర్చుకునే విద్య. ‘ఊఁ కొట్టడం’, ‘వంత పాడటం’ రెండూ ఇప్పుడు తిట్లయ్యాయి, భజనపరుడికి వాడుతున్నాం. వంత లేకుండా బుర్రకథ నడవదని మరిచిపోయాం. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలానికి చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి కళాకారులను ప్రారంభోత్సవాల్లో శాలువా కప్పడానికి పిలుస్తారు. ఆశల శిక్షణకు ఒక పూట పిలిచి, శ్రోత ఎప్పుడు జారిపోతాడో, ఎట్లా పట్టుకోవాలో చెప్పమంటే అంతకన్నా మంచి పాఠం ఉండదు.

డాక్టర్లకూ ఈ పాఠం కావాలి. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు డాక్టర్ల గదుల్లో సంభాషణలు రికార్డు చేసి చూస్తే, రోగి మొదలుపెట్టిన మాటకు డాక్టరు సగటున 18 సెకన్లకే అడ్డు తగిలాడని తేలింది. 18 సెకన్లు అంటే మన దగ్గర పలకరింపు కూడా పూర్తి కాదు. రీటా చారన్ అనే వైద్యురాలు ఇంగ్లీషు సాహిత్యంలో డాక్టరేట్ చేసి, కొలంబియా విశ్వవిద్యాలయంలో ‘నెరేటివ్ మెడిసిన్’ అనే చదువు మొదలుపెట్టడం వెనక ఉన్న బాధ ఇదే. నవల చదవడం వచ్చినవాళ్ళకు రోగి కథ చదవడమూ రావాలని ఆమె వాదం. మన దేశంలో ఎంబీబీఎస్ విద్యార్థులకు 2019 నుంచి వైఖరి, నైతికత, సంభాషణ అనే పాఠాలు పెట్టారు. నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో మొదలయ్యాయి కాబట్టి అక్కడ మొదటి బ్యాచి నుంచే ఆ పాఠాలు ఉన్నట్టు. ఆ పాఠం చెప్పడానికి పాలమూరు మాట తెలిసిన తెలుగు పంతులును పిలిస్తే అతనికేం నామోషీ లేదు, కళాశాలకూ ఉండకూడదు.

తెలుగు పంతులు అనగానే ఆయన విమర్శ మొదలుపెడతాడని భయం. పెట్టనివ్వండి. ‘విమర్శ’లో, ‘పరామర్శ’లో ఉన్న ధాతువు ఒకటే, మృశ్. తాకడం, నిమరడం దాని అర్థం. పద్యాన్ని నిమిరి చూస్తే విమర్శ, దుఃఖంలో ఉన్న మనిషిని నిమిరితే పరామర్శ. (అమర్షం, అంటే కోపం, వేరే ధాతువుది. విమర్శకులను చూసి ఒకటే అనుకునే ప్రమాదం ఉంది.) హిందీలో పరామర్శ అంటే సలహా. తెలుగులో సలహా ఇవ్వకుండా పక్కన కూర్చోవడం. ఈ ఒక్క తేడాతో శిక్షణలో ఒక రోజు గడిపేయవచ్చు.

పాపం, పరామర్శను నాయకులు పట్టుకుపోయారు, కెమెరా లేని పరామర్శ అరుదైంది. ఓదార్పు 2010 నుంచి యాత్ర అయింది. పక్కన కేరళవాళ్ళు ఇదే సేవను ‘సాంత్వన పరిచరణం’ అంటారు. 1993లో కోళిక్కోడ్‌లో ఒక క్లినిక్‌తో మొదలై, 2001లో ఇరుగుపొరుగు జాలంగా పెరిగి, 2008లో రాష్ట్ర విధానమైంది. టీచర్లు, దుకాణదారులు, గృహిణులు స్వచ్ఛందంగా తర్ఫీదు పొంది వీధిలోని రోగులను పంచుకున్నారు. మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పేరు విషయంలో మాత్రం మనదే మెరుగని నా పక్షపాతం. సాంత్వనం నోటి పని, ఆలన చెవి పని. చచ్చిపోతున్న మనిషికి ఏం చెప్పాలో తెలియక పారిపోయేవాళ్ళే ఎక్కువ. ఏమీ చెప్పనక్కర లేదు, విను అంటే చాలామంది ఆగుతారు.

వినడం నేర్పే ఇలాంటి శిక్షకులను విదేశాల్లో కోచ్‌లు అంటున్నారు. హంగేరీలో కోచ్ అనే ఊరి బండికి వచ్చిన పేరు అది, మనిషిని దరి చేర్చేవాడని తర్వాత అర్థం మారింది. మనకు కోచ్ అంటే రైలుపెట్టె, లేకపోతే క్రికెట్. ఊరి శిక్షకురాలు అంటే సరిపోతుంది. ఆ పని ఎవరు చెయ్యాలి అంటే, ఇప్పటికే ఊళ్ళో అందరూ వెళ్ళి గోడు చెప్పుకునే మనిషే. ప్రతి ఊళ్ళో ఒకరుంటారు.

ఇంత చెప్పాక ఆశలకు ఇంకో శిక్షణ తగిలిస్తే వాళ్ళు తిట్టుకుంటారు, ఆ తిట్టు న్యాయమే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పుట్టిన ఈ కార్యకర్తలను కాగితం మీద ఇప్పటికీ స్వచ్ఛంద సేవకులంటారు, చేసిన పనిని బట్టి ప్రోత్సాహకం ఇస్తారు. 2023లో తెలంగాణ ఆశలు నెలకు 18,000 రూపాయల స్థిర వేతనం అడుగుతూ సమ్మె చేశారు. వాళ్ళ మొర ఆలకించకుండా వాళ్ళను ఆలకించమనడం ఆ మాటకే ఎదురు. జీతం లెక్క తేల్చి, రిజిస్టర్లు తగ్గించి, ఆ తర్వాతే కిన్నెర కళాకారుణ్ణి, తెలుగు పంతులును పిలవాలి.

అప్పుడు కూడా పెద్ద పాఠ్యప్రణాళిక అక్కర లేదు. ఉన్న రిజిస్టరులో ఒక్క గడి పెంచితే మొదలుపెట్టవచ్చు. ‘రోగి అన్న మాట’ అని పేరు పెట్టి, అనువాదం చెయ్యకుండా, దిద్దకుండా, అవ్వ అన్నది అన్నట్టే రాయాలి: ‘నొచ్చుడు గాదు, గుంజుతుంది’. నెలకోసారి చుట్టుపక్కల మండలాల ఆశలు, ఆలన నర్సు, ఒక డాక్టరు, ఒక తెలుగు టీచరు కూర్చొని ఆ గడులు మాత్రం పైకి చదువుకోవాలి. ఒకే బాధను వెల్దండలో ఒకలాగ, వంగూరులో ఇంకోలాగ ఎందుకు అంటున్నారని టీచరు అడగాలి, దాని వెనక ఏ రోగం ఉండవచ్చో డాక్టరు చెప్పాలి, ఆ అవ్వ అట్లా ఎందుకన్నదో ఆశ చెప్పాలి. డాక్టరు ఆఖరున మాట్లాడాలని ముందే అనుకోవాలి.